నెలలు నిండని పాప కోసం ప్రోబయోటిక్ పొడి కొన్నాను, మీరు కొనకండి

నెలలు తక్కువ పిల్లలున్న ఇంటివాళ్లు ఇది చదవండి. నాకు పోయింది 1,480 రూపాయలే. ఇంకో నిమిషం గడిచి ఉంటే ఆ పొడి పాప కడుపులోకి వెళ్లేది.

ఏప్రిల్‌లో మా చెల్లెలికి 30 వారాలకే పాప పుట్టింది. బరువు 1,200 గ్రాములు. కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉంచారు. ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవాలని రోజూ చెబుతుంటే, ఆ భయంతోనే రాజ్‌విహార్ వైపు ఒక మెడికల్ షాపుకు వెళ్లాను. అతను చీటీ కూడా అడగలేదు. "మంచి బ్యాక్టీరియా అన్నా, ఒడిశాలో వేలమంది పిల్లలకు ఇచ్చి చూశారు" అంటూ సాచెట్ల డబ్బా చేతిలో పెట్టాడు. దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూపించి, ప్రభుత్వ అనుమతి ఉందన్నాడు. అది ఆహార పదార్థాలకిచ్చే లైసెన్సు. అటుకుల ప్యాకెట్ మీదా ఉంటుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు చెల్లెలు పిండి ఇచ్చిన పాలలో కలుపుదామని అమ్మ సాచెట్ చించగానే నర్సు చూసి, గిన్నె లాక్కున్నంత పని చేసింది. డాక్టరమ్మ డబ్బాను దీపం కిందికి తిప్పి చదివించారు. మందుగా వాడరాదని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఏ బ్యాక్టీరియా అంటే 'లాక్టోబాసిల్లస్ మిశ్రమం' అని మాత్రమే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలట! నాకు తీసిచ్చింది రేకుల కప్పు కింద, పై అరలోంచి. కర్నూలు ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?

ఒడిశా మాట అబద్ధం కాదు, సగం నిజం. 2017లో వెలువడిన ఆ పరిశోధనలో 4,500 మందికి పైగా శిశువులున్నారు, ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయి. అయితే వాళ్లంతా కనీసం 35 వారాలు నిండి, రెండు కిలోలకు తగ్గని పిల్లలు. ఇచ్చింది కూడా లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక నిర్దిష్ట రకం. మా పాపను అందులో చేర్చుకునేవారే కాదు. ఇంగ్లండులో 31 వారాల లోపు పుట్టిన 1,300 మందికి పైగా పిల్లలతో వేరే బ్యాక్టీరియాను పరీక్షిస్తే ప్రయోజనం కనబడలేదు. పేగులు కుళ్లే జబ్బు కొన్ని రకాలతో తగ్గినట్టు వేరే పరిశోధనలున్నాయని, కొన్నిచోట్ల డాక్టర్లే ఎంచి ఇస్తారని కూడా డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. ఆ ఎంపిక షాపువాడిది కాదు, నాది అసలే కాదు.

ఇవి బతికున్న సూక్ష్మజీవులు. ఇంత చిన్న పిల్లల్లో పేగు గోడ ఇంకా పలచన, లోపలి బ్యాక్టీరియా రక్తంలోకి దిగే ప్రమాదం ఉంది. 2014లో అమెరికాలో ఇలాంటి పొడి ఇచ్చిన నెలలు తక్కువ శిశువు చనిపోతే, ఆ పొడిలో బూజు దొరికింది. 2023లో మరో శిశువు మరణించాక, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆసుపత్రులను హెచ్చరించింది.

డబ్బా వెనక్కి తీసుకోమంటే, విప్పినది తీసుకోం అన్నాడు షాపువాడు. చించింది ఒక్క సాచెట్టే! పాప ఇప్పుడు రెండు కిలోలు దాటింది. తల్లిపాలు, చేతుల శుభ్రత, రోజూ గంటల తరబడి పాపను చెల్లెలి గుండెల మీద ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ, ఆసుపత్రివాళ్లు చేయించినవి ఇవే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేద్దామని కూర్చుని ముందు బిల్లు వెతికాను. నా దగ్గర ఉన్నది ఒక కాగితం ముక్క, దాని మీద పెన్సిలుతో రాసిన 1,480 అనే అంకె.