విశాఖలో డాబా సోలార్, ఇంటి ఇన్వర్టర్: ఏళ్ల వాడకం తర్వాత

సముద్రానికి దగ్గరగా ఉన్న డాబా మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (వీధి కరెంటు లైనుకు కలిసి పనిచేసే) సోలార్. కింద ఇంట్లో 12 వోల్టుల సైన్‌వేవ్ ఇన్వర్టర్, దానికి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, నిల్వ సామర్థ్యం కొలత) టాల్ ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ. ఈ అమరికను ఏళ్ల తరబడి వాడాక ముందుగా చెప్పాల్సింది ఇది: సోలార్ బిల్లు తగ్గిస్తుంది కానీ కరెంటు పోయినప్పుడు ఆదుకోదు. కొనేవాళ్లలో చాలామందికి ఈ సంగతి మొదటి కరెంటు కోత దాకా తెలియదు. అమ్మేవాళ్లు ముందే చెప్పాలి.

కారణం సాంకేతికమైనదే. లైన్లో కరెంటు పోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె, కింద ఉన్న ఇంటి ఇన్వర్టర్ కాదు) తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే మన మేడ మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. ఈ నిబంధన ఉండి తీరాలి. లోపం పథకం కొలతలో ఉంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కిలోవాట్ల లెక్కన ఇస్తారు: మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78 వేలు. బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకి, రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరికి బ్యాటరీని లెక్కలోకి తీసుకోని పథకం సగమే పనికొస్తుంది.

బిల్లు విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు. ఏడాది సగటున కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు లెక్క వేసుకోవచ్చు. వానాకాలపు ముసురులో బాగా పడిపోతుంది, వేసవిలో కోలుకుంటుంది. ఎండ బాగా ఉన్నా ఉత్పత్తి తగ్గితే ఇన్వర్టర్ తెరమీద ఓవర్ వోల్టేజ్ హెచ్చరిక ఉందేమో చూడాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద సోలార్ ఇళ్లు పెరిగితే మధ్యాహ్నం లైన్ వోల్టేజ్ ఎక్కుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అయి మళ్లీ కలుస్తూ ఉంటుంది. మేడ నుంచి మీటరు దాకా కేబుల్ సన్నగా, పొడవుగా ఉంటే ఈ బాధ ఇంకా పెరుగుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ బదులు 6 వేయించడం, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ సర్దే అమరిక) మార్చమని డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) రాతపూర్వకంగా అర్జీ పెట్టడం, ముఖ్యమైన దారులు ఈ రెండు.

వైరింగులో ఒక తప్పు ఖరీదైనది. ఆన్‌గ్రిడ్ సోలార్ అవుట్‌పుట్‌ను మీటరు వైపు మెయిన్ బోర్డుకే కలపాలి, ఇంటి ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలపకూడదు. అక్కడ కలిపితే కరెంటు పోయినప్పుడు సోలార్ ఇన్వర్టర్ ఇంటి ఇన్వర్టర్‌నే లైన్ అనుకుని పనిచేయడం మొదలుపెడుతుంది. మిగిలిన విద్యుత్తు వెనక్కి తోసుకొచ్చి ఇంటి ఇన్వర్టర్ బోర్డు కాలిపోతుంది. బ్యాకప్ మీద నడిచే గదుల న్యూట్రల్‌ను కూడా విడదీయాలి. లేకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపే స్విచ్చి) కారణం లేకుండా పడిపోతూ ఉంటుంది.

ఇక బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. ఆ రేటింగు 20 గంటల్లో నెమ్మదిగా ఖాళీ చేసినప్పటిది. బ్యాటరీని మరీ అడుగంటనివ్వకుండా, ఇన్వర్టర్ నష్టాలు పోను, చేతికొచ్చేది 900 నుంచి 1,000 మాత్రమే. 75 వాట్ల పాత ఫ్యాన్లు 4, 9 వాట్ల బల్బులు 6, వైఫై కలిపితే 364 వాట్లు. రెండున్నర గంటలకే అయిపోతుంది. అవే ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు) రకం అయితే లోడు 184 వాట్లకు దిగి, 5 గంటలు వస్తుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి. ఈ డబ్బుకు ఇంతకంటే మంచి బ్యాకప్ లేదు.

ట్యూబులర్ బ్యాటరీలను మన ఊళ్లో చంపేది వేడి, నిర్లక్ష్యం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మెట్ల కింద గాలాడని అరలో పెట్టకూడదు. నీటి మట్టం మామూలుగా రెండు మూడు నెలలకోసారి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకోసారి చూడాలి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే, ఆర్‌ఓ నీళ్లు కాదు. నిండా ఛార్జయ్యాక కాసేపు ఆగి ప్రతి సెల్లులో హైడ్రోమీటరు (ఆమ్లం సాంద్రత కొలిచే సాధనం) పెడితే 1.240 దగ్గర ఉండాలి. ఒక సెల్లు మిగతావాటికంటే 0.030కి మించి తక్కువ చూపిస్తే అది దెబ్బతింటున్నట్టే. టెర్మినళ్ల మీద తెల్లపొడి వేడినీళ్లు, వంటసోడాతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. ఉప్పుగాలికి ఇది మిగతా ఊళ్లకంటే త్వరగా పేరుకుంటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి నీళ్ల బెడద లేదు, సామర్థ్యంలో 80 శాతం పైగా వాడుకోవచ్చు. అయితే పాత ఇన్వర్టర్‌కు నేరుగా తగిలించకూడదు. లెడ్ బ్యాటరీల కోసం పెట్టిన ఈక్వలైజింగ్ (సెల్లులను సమం చేసే ఎక్కువ) వోల్టేజ్‌కు లిథియం లోపలి బీఎంఎస్ (సెల్లులను కాపాడే సర్క్యూట్) బ్యాటరీని ఆపేస్తుంది. లిథియం సెట్టింగు ఉన్న ఇన్వర్టర్ ఉంటేనే ఆ ఖర్చు పెట్టండి.

ప్యానెళ్ల కంటే ముందు పాడయ్యేది స్టాండు. లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు గాల్లో ఉప్పు మామూలు రంగువేసిన ఇనుమును తినేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచిన) స్టాండు, 80 మైక్రాన్ల పూత అడగండి. కోసిన చోట, రంధ్రం వేసిన చోట జింక్ రిచ్ పెయింటు పడాలి. తుప్పు అక్కడే మొదలవుతుంది. బోల్టులు 304 కాదు, 316 గ్రేడ్ స్టీలు. ప్యానెళ్లకు ఐఈసీ 61701 ఉప్పు పరీక్ష ధ్రువపత్రం చూడండి. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖకు ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. స్టాండు డిజైను కాగితం మీద ఆ అంకె ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. పోర్టు చుట్టుపక్కల బొగ్గుధూళి ఉప్పుతో కలిసి జిగటగా పడుతుంది, వానకు పూర్తిగా పోదు. తెల్లవారుజామున మెత్తటి తుడుపుకర్రతో కడగాలి. బోరునీళ్లు గాజు మీద తెల్లమరకలు వేస్తాయి.

తుపానుకు నిలబడే ఏర్పాటు ఏదంటే, ఆన్‌గ్రిడ్‌తో సంబంధం లేకుండా సుమారు 330 వాట్ల ప్యానెల్ ఒకటి విడిగా, ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తిని రాబట్టి బ్యాటరీకి తగ్గ వోల్టేజ్‌కు మార్చేది) ద్వారా ఇంటి బ్యాటరీకి కలపడం. పీడబ్ల్యూఎం అనే సాదా రకం కంట్రోలర్ చవక. కానీ 40 వోల్టుల దగ్గర పనిచేసే పెద్ద ప్యానెల్‌ను అది 12 వోల్టుల బ్యాటరీ స్థాయికి లాగేసి సగానికి పైగా శక్తిని వృథా చేస్తుంది. ఎంపీపీటీతో ఎండ ఉన్న రోజున యూనిట్ దాకా బ్యాటరీలోకి వస్తుంది, పొదుపుగా రాత్రి గడిపేందుకు చాలు. కరెంటు రాని రోజుల్లో లెడ్ బ్యాటరీ ఖాళీగా పడి ఉండి లోపలి పలకలకు సల్ఫేట్ పొర పట్టి పాడవకుండా కూడా ఇదే కాపాడుతుంది. మబ్బు వీడేదాకా బ్యాటరీలో ఉన్నదే దిక్కు కాబట్టి, హెచ్చరిక రాగానే నిండా ఛార్జ్ చేసి ఫ్రిజ్‌ను బ్యాకప్ లైను నుంచి తీసేయండి, ప్యానెళ్ల క్లాంపులు బిగించండి. గాలి తగ్గాక ముందు డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల తీగను విడదీసే స్విచ్చి) ఆపి, కనెక్టర్లలో నీళ్లు, పగిలిన గాజు, ఊడిన ఎర్త్ తీగ చూసుకున్నాకే మళ్లీ ఆన్ చేయాలి. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ తీగల్లో వోల్టేజ్ ఉంటుంది, మెయిన్ ఆపినా సరే. తడిచేతులతో ముట్టుకోవద్దు.