డెలావేర్ ట్రస్టా, మసాచుసెట్స్ ట్రస్టా?

అమెరికాలో బిజినెస్ ట్రస్ట్ (ఆస్తి, వ్యాపారం ట్రస్టీల చేతిలో, లాభాలు వాటాదారులకి) పెట్టాలంటే ఈ రెండు రాష్ట్రాల పేర్లే ఎక్కువ వినిపిస్తాయి, కానీ కాగితాల దగ్గర రెండిటికీ చాలా తేడా ఉంది.

డెలావేర్‌లో సర్టిఫికెట్ ఆఫ్ ట్రస్ట్ అని ఒక చిన్న కాగితం ఫైల్ చేస్తారు, అందులో ట్రస్ట్ పేరు, డెలావేర్‌లో ఉన్న ఒక ట్రస్టీ పేరు, అడ్రస్, దాదాపు అంతే. లాభాలు ఎవరికి, ఎంత వాటా అనేవి అసలు అగ్రిమెంట్‌లో ఉంటాయి, అది ఫైల్ చెయ్యక్కర్లేదు, బయటోళ్ళకి కనపడదు. 1988లో వచ్చిన చట్టం ఇది, 2002లో బిజినెస్ ట్రస్ట్ పేరు తీసేసి స్టాట్యుటరీ ట్రస్ట్ అన్నారు.

మసాచుసెట్స్‌ది పాత పద్ధతి, కోర్టు తీర్పుల మీద ఎదిగింది. అక్కడ ట్రస్ట్ డీడ్ కాపీనే రాష్ట్ర సెక్రటరీ దగ్గర, ఆఫీసు ఉన్న ఊరి క్లర్క్ దగ్గర కూడా ఇవ్వాలి, అంటే లోపలి రూల్స్ అన్నీ ఎవరైనా చదవొచ్చు.

అసలు భయం ట్రస్ట్ చేసే అప్పుల దగ్గర, అవి వాటాదారుల సొంత ఆస్తి మీద పడతాయా అని. డెలావేర్‌లో వాటాదారుకి కంపెనీ షేర్‌హోల్డర్‌కి ఉన్నంత రక్షణ చట్టంలోనే రాసుంది (అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప), మసాచుసెట్స్‌లో మాత్రం వాటాదారులే పెత్తనం చేస్తుంటే పార్ట్‌నర్‌షిప్ అనేసి సొంత ఆస్తి మీదకి రావొచ్చు, అందుకే డీడ్‌లో జాగ్రత్తగా క్లాజులు పెడతారు. ఇలా ట్రస్టులుగా పెట్టిన మ్యూచువల్ ఫండ్లు రెండు చోట్లా ఉన్నాయి లెండి. కొత్తగా పెట్టేవాళ్ళకైతే నా ఓటు డెలావేర్‌కే, అక్కడ ట్రస్టీ దొరకడమే కాస్త ఖర్చు.