రాత్రి జొన్న రొట్టె, చాయ్‌లో అర చెంచా చక్కెర: రెండేళ్లు దాటాక

91 కిలోల నుంచి 79కి రావడానికి నాకు రెండేళ్ల మూడు నెలలు పట్టింది. అంతకుముందు ఏదో పొడి డబ్బా తాగి 21 రోజుల్లో ఐదు కిలోలు తగ్గాను, మూడు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను. అందుకే ఈసారి మూడే మార్చాను: రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె, చాయ్‌లో చక్కెర, పొద్దున నడక. నల్లగొండలో నాది జిరాక్స్ షాపు. పొద్దంతా కూర్చునే పని.

ముందు రొట్టె సంగతి. జొన్నలు తింటే కొవ్వు కరిగిపోతుందనే మాట నమ్మకండి. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటే, జొన్నల్లో ఓ ఇరవై తక్కువ, అంతే. తేడా అంతా పీచుతోనే, అది మూడింతలకు పైగా ఉంటుంది. పచ్చిపులుసు పోసుకుంటే ఎన్ని ముద్దలు జారాయో లెక్కే ఉండదు. రొట్టె అట్లా జారదు. రెండోది అయ్యేసరికి దవడలే చాలంటాయి.

కాకపోతే చేయడం కష్టం. మసిలే నీళ్లు పోసి వేడి మీదే పిసకకపోతే అంచులు పగులుతాయి. మా ఆవిడ రెండు నెలలు చేసి, "రోజూ నాతోని కాదు, జర నువ్వు నేర్చుకో" అంది. అమ్మ దగ్గర నేర్చుకున్నాను. చిన్నప్పుడు రొట్టె పెడితే అన్నం కావాలని ఏడ్చేవాడినట. నేను పిండి చరుస్తుంటే పక్కన కూర్చుని అదే చెప్పి నవ్వుతుంది. నా రొట్టె ఇప్పటికీ గుండ్రంగా రాదు. చల్లారితే అట్టముక్కే.

రోజుకు ఐదు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాలు. అంటే 40 గ్రాములకు పైనే చక్కెర, 160 కేలరీలు. ఒకేసారి మానలేదు, రెండు నెలలకోసారి అర చెంచా తగ్గించాను. ఇంట్లో సులువే. హోటల్లో చక్కెర ముందే గిన్నెలో కలిసి ఉంటుంది. విడిగా పెట్టమంటే "షుగర్ వచ్చిందా అన్నా?" అని పదిమందిలో అడిగాడు. అసలు తగ్గినందుకు మెచ్చుకున్నవాళ్లకన్నా "పానం బాగలేదా, గట్ల గుంజుకపోయినవ్" అన్నవాళ్లే ఎక్కువ. మా మేనత్త మా ఆవిడను పక్కకు పిలిచి రిపోర్టులు ఏమొచ్చాయని అడిగింది.

నడక పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద, వారానికి ఐదు రోజులు, 40 నిమిషాలు. ఎండాకాలం ఐదింటికే బయలుదేరాలి. వానాకాలం సగం రోజులు ఎగిరిపోతాయి. దీనివల్ల బరువెంత తగ్గిందో చెప్పలేను కానీ రాత్రి పడుకోగానే నిద్ర పడుతోంది.

ఈ పద్ధతికి పెద్ద లోపం విసుగు. 83 దగ్గర ముల్లు ఏడు నెలలు కదల్లేదు. పొడి డబ్బా మళ్లీ గుర్తొచ్చింది కూడా. అప్పుడు టేపు తీసి చూస్తే నడుము మాత్రం 104 సెంటీమీటర్ల నుంచి 97కి వచ్చింది. ఇప్పుడు 94. మన దేశపు మగవాళ్లకు 90 దాటకూడదంటారు. పెళ్లిళ్ల నెలల్లో బగారన్నం, మటన్‌తో కిలో పెరుగుతుంది, దానికి టెన్షన్ పడటం మానేశాను.

మధ్యాహ్నం అన్నం జోలికి మాత్రం పోలేదు. పప్పు, మామిడికాయ తొక్కు ఉన్న రోజు మూడోసారి వడ్డించుకుంటాను. డాక్టరు అదీ తగ్గించమంటున్నాడు. ముందు దసరా పోనీ.