పాత గోల్ఫ్ కార్టు చార్జ్ ఎక్కడం లేదు: ముందు మార్చాల్సింది చార్జరా, బ్యాటరీలా?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గోల్ఫ్ ఆడడానికి గోల్ఫ్ కార్టు కొన్నవాళ్లు నాకు తారసపడలేదు. కాలేజీ క్యాంపసులో అతిథులను తిప్పడానికో, బీచ్ రిసార్టులో గేటు నుంచి గది దాకా సామాను మొయ్యడానికో సెకండ్ హ్యాండులో తెచ్చుకుంటారు. అందరూ బ్యాటరీ కారనే పిలుస్తారు. కొన్నాళ్లు బాగానే తిరిగి, ఒకనాడు ప్లగ్గు పెడితే చార్జర్లో ఉలుకూ పలుకూ ఉండదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి "చార్జరు పోనాది బాబూ, కొత్తది తెచ్చీండి" అంటాడు. బ్యాటరీ షాపాయన సెట్టు మొత్తం మార్చమంటాడు. రెండూ చిన్న ఖర్చులు కావు.

నన్నడిగితే పాత బండిలో మొదటి అనుమానం బ్యాటరీల మీదే. అసలు చార్జరు మోగకపోవడానికి కారణం కూడా చాలాసార్లు బ్యాటరీలే. బరువుగా ఉండి, గుయ్‌మని శబ్దం చేసే పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్లలో ఒక రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్, ఉంటుంది. దాన్ని లాగే కరెంటు గోడ ప్లగ్గు నుంచి రాదు, బండి బ్యాటరీల నుంచే రావాలి. బ్యాటరీలు మరీ దిగిపోతే రిలే పడదు, చార్జరు చచ్చినట్టు ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలా చార్జింగ్ లేకుండా పడి ఉన్న బండికైనా, వేసవి సెలవుల్లో షెడ్డులో మరిచిపోయిన బండికైనా ఇదే జరుగుతుంది. ఇక్కడ కొత్త చార్జరు కొన్నా ఉపయోగం ఉండకపోవచ్చు, అది కూడా ముందు వోల్టేజీ చూశాకే మొదలయ్యే రకమైతే.

దీనికి చవకైన దారి ఒకటుంది. 48 వోల్టుల బండిలో 8 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉంటే, మూడేసి కలిపితే 24 వోల్టులు. లారీ బ్యాటరీలకు చార్జ్ పెట్టే షాపులో 24 వోల్టుల చార్జరు దొరుకుతుంది. మూడు మూడుగా కొంచెం చార్జ్ ఎక్కించి, మళ్లీ బండి చార్జరు పెట్టి చూడండి. 6 వోల్టులవైతే రెండేసి కలిపి మామూలు 12 వోల్టుల చార్జరుతో సరిపోతుంది. రిలే టక్కుమంటే చార్జరు బతికే ఉంది.

ఇంకో పరీక్ష మన ఊళ్లలోనే సులువు. ఈ-రిక్షాలు చాలావరకు 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలతోనే నడుస్తాయి. తెలిసిన డ్రైవరు దగ్గర చార్జరు ఓ గంట అడిగి తెచ్చి, ప్లస్సూ మైనస్సూ తారుమారు కాకుండా క్లిప్పులతో తగిలించి, వైరు చుట్టూ పట్టించి కొలిచే క్లాంప్ మీటరుతో కరెంటు చూడండి. ఆంపియర్లు ఎక్కుతుంటే తప్పు మీ చార్జరుదో, దాని ప్లగ్గుదో. ఎక్కకపోతే బ్యాటరీలదో, వైర్లదో. 36 వోల్టుల బండికి మాత్రం ఈ పని చెయ్యకూడదు.

ఇక బ్యాటరీల లెక్క. పూర్తి చార్జ్ అయ్యి, కొన్ని గంటలు ఊరకే ఉన్నాక 8 వోల్టుల బ్యాటరీ దాదాపు 8.5 చూపించాలి, 48 వోల్టుల సెట్టు మొత్తం 51కి దగ్గరగా ఉండాలి. అయిదు బ్యాటరీలు 8.4 చూపిస్తూ ఆరోది 6.3 దగ్గర ఆగిందంటే అందులోని నాలుగు సెల్స్‌లో ఒకటి పోయినట్టే, ఎందుకంటే ఒక్కో సెల్ 2.1 వోల్టులు. వోల్టేజీ అన్నిటిదీ సమానంగా ఉన్నా నమ్మేయకండి. లోపలి యాసిడ్ సాంద్రత చూపించే హైడ్రోమీటరు పెట్టండి. నిండుగా చార్జ్ అయిన సెల్‌లో 1.265 పైన రావాలి. పక్క సెల్‌కీ దీనికీ 0.050 తేడా వస్తే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు.

ఒక్కటే పోయింది, సెట్టు కొని ఏడాది రెండేళ్లే అయింది అంటే ఆ ఒక్కటి మార్చడమే మేలు. నాలుగైదేళ్ల సెట్టులో కొత్తదాన్ని ఒక్కదాన్ని పెడితే పాతవి దాన్ని కూడా తమతో దించేస్తాయి. అప్పుడు సెట్టంతా మార్చాల్సిందే. ఇక్కడే ఇంకో ఆశ పెడతారు: "ఇన్వర్టర్ బ్యాటరీలు నాలుగు పెట్టేద్దాం, చవక." ఇన్వర్టర్ బ్యాటరీ గంటల తరబడి నెమ్మదిగా కరెంటు ఇవ్వడానికి తయారైంది. మిట్ట ఎక్కేటప్పుడు గోల్ఫ్ కార్టు మోటారు ఒక్కసారిగా వంద ఆంపియర్లు దాటి లాగుతుంది. పైగా ఇన్వర్టర్లకు వాడే పొడుగు ట్యూబులర్ బ్యాటరీ సీటు కింద పట్టదు. దీనికంటే ఈ-రిక్షా బ్యాటరీలు నయం, అవి కనీసం బండి లాగడానికి పుట్టినవి.

చార్జరు మార్చడమే మేలైన సందర్భం ఒకటి గట్టిగా ఉంది. అమెరికా నుంచి బండితోపాటే వచ్చిన 110 వోల్టుల పాత చార్జరు అయితే దానికి రిపేర్లు వద్దు. స్టెప్‌డౌన్ పెట్టి 230ని 110 చెయ్యొచ్చు గానీ, 50 హెర్ట్జ్‌ని 60 చెయ్యదు ఆ స్టెప్‌డౌన్. అందులో ఉండే ఫెర్రోరెజొనెంట్ (కెపాసిటర్ సాయంతో వోల్టేజీని నిలకడగా ఉంచే) ట్రాన్స్‌ఫార్మర్ ఆ 60 హెర్ట్జ్‌కి శ్రుతి చేసి ఉంటుంది. మన కరెంటు మీద సరైన వోల్టేజీ ఇవ్వదు, వేడెక్కుతుంది. బ్యాటరీలు ఎప్పుడూ అరకొరగానే నిండి, రెండేళ్లలో ప్లేట్లకు సల్ఫేటు పట్టి పోతాయి. నింద మాత్రం బ్యాటరీ కంపెనీ మీద పడుతుంది!

230 వోల్టుల చార్జరే అయ్యి, పోయింది డయోడో ఫ్యూజో అయితే వైండింగ్ షాపులో బాగుచేయించుకోండి, మళ్లీ ఏళ్లు నడుస్తుంది. మూత మాత్రం మీరు విప్పకండి. లోపలి కెపాసిటర్ మీద చాలావాటిలో 660 వోల్టులని రాసి ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొట్టగలదు. క్లబ్ కార్ కంపెనీ 48 వోల్టుల పాత మోడళ్లలో ఇంకో తిరకాసు. చార్జరును అదుపు చేసేది బండిలోనే ఉన్న ఆన్‌బోర్డ్ కంప్యూటర్. అది పోతే చార్జరూ బ్యాటరీలూ బాగున్నా చార్జ్ ఎక్కదు. ఆ పెట్టె కోసం వెతుక్కునే బదులు, తన అదుపు తనకే ఉన్న కొత్త స్మార్ట్ చార్జరు పెట్టి దాన్ని పక్కకు తప్పించడం మేలు.

వైర్ల సంగతి రెండు మాటల్లో. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డున తిరిగే బండికి టెర్మినళ్ల మీద చిలుము త్వరగా పడుతుంది. వంటసోడా నీళ్లతో కడిగి, బిగించి, వాసెలిన్ రాస్తే సగం రోగాలు అక్కడే పోతాయి. చార్జింగ్ సాకెట్టులో కాలిన మచ్చ ఉంటే సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్చండి.

లిథియం పెట్టించమనే సలహా ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది. నీళ్లు పొయ్యక్కర్లేదు, బరువు బాగా తగ్గుతుంది, ఊరకే పడున్నా చార్జ్ అంతగా దిగదు. కానీ 51.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెట్టుకు పాత లెడ్ యాసిడ్ చార్జరు పనికిరాదు, చార్జరు కూడా కొనాలి. వాలు దిగుతూ బ్రేకు వేస్తే బ్యాటరీకి కరెంటు తిరిగి పంపే బండైతే, నిండు చార్జ్ మీద బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కట్ అయ్యి బండి ఆగిపోవచ్చు. రోజంతా తిరిగే రిసార్టు బండికి నేను లిథియమే అంటాను. నెలకు నాలుగుసార్లు బయటికి తీసే కాలేజీ బండికి లెడ్ యాసిడ్ చాలు, కాకపోతే నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసే మనిషి ఒకడుండాలి. అలాంటి మనిషి లేకపోతే కాలేజీకైనా లిథియమే పెట్టించండి.