హేలో నవలల్లో ముందు ఏది చదవాలి: రీచా, ఫ్లడ్డా, హార్వెస్టా?

మొన్న సెలవులకు మా అక్క కొడుకు కాజీపేట నుంచి వచ్చాడు. ఇంటర్ సెకండియర్. హేలో అనే వీడియో గేమ్ అంటే వాడికి పిచ్చి. నా గూట్లో ఉన్న మూడు హేలో నవలలు తీసి మంచం మీద వరసగా పెట్టి, "మామా, మూడిట్ల ముందుగాల ఏది చదవాలె?" అన్నాడు. మూడూ ఒకే గేమ్ లోకంలోని కథలు, మూడింట్లోనూ గ్రహాంతర సేనలతో యుద్ధమే. అయినా ఒకటి చదివినట్టు ఇంకొకటి ఉండదు. వాడికి చెప్పిందే కొంచెం సాగదీసి రాస్తున్నాను.

ముందు సులువుగా తేలిపోయేది. విలియం సి. డీట్జ్ రాసిన 'ది ఫ్లడ్' 2003లో వచ్చింది. మొదటి గేమ్‌లో మనం ఆడిన కథే ఇది. గేమ్ హీరో మాస్టర్ చీఫ్ ఎక్కడ దిగాడు, ఎవర్ని కాల్చాడు, ఏ తలుపు తెరిచాడు, అంతా మన చేతుల మీదుగా జరిగిందే. హనుమకొండ నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడినవాడికి మళ్లీ అదే యుద్ధం పేజీల్లో చదవడం అంటే, నిన్న చూసిన క్రికెట్ మ్యాచ్‌ను ఇవాళ రేడియోలో విన్నట్టుంటుంది. గేమ్‌లో లేని భాగాలే ఇందులో బాగుంటాయి. కొండమీద స్థావరం పెట్టుకున్న మెకే అనే లెఫ్టినెంట్, యాయాప్ అనే పిరికి గ్రంట్ (శత్రుసేనలోని పొట్టి గ్రహాంతర సిపాయి). గేమ్‌లో గ్రంట్లను లెక్కలేకుండా కాల్చేస్తాం. ఇక్కడ వాటిలో ఒకడు పైఅధికారికీ చావుకీ మధ్య నలిగిపోతూ ప్రాణం ఎలా దక్కించుకోవాలా అని లెక్కలు వేసుకుంటుంటాడు. వాడి కోసం చదవొచ్చు. గేమ్ ఆడనివాళ్లు మాత్రం దీంతో మొదలుపెట్టొద్దు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

ఎరిక్ నైలండ్ రాసిన 'ది ఫాల్ ఆఫ్ రీచ్' 2001 అక్టోబరు చివర్లో, గేమ్ కంటే రెండు వారాల ముందు వచ్చింది. ఏడు వారాల్లో రాసి ఇచ్చిన పుస్తకం. ఆ తొందర అక్కడక్కడ కనబడుతుంది కూడా. అంతరిక్ష యుద్ధాల్లో ఓడల పేర్లు, ఆయుధాల పొట్టి పేర్లు గుక్క తిప్పుకోనివ్వవు. కానీ మొదటి సగం చదువుతుంటే అవేవీ గుర్తుండవు.

2517లో హాల్సీ అనే శాస్త్రవేత్త ఒక ఆరేళ్ల పిల్లాడి దగ్గరకు వెళ్లి నాణెం ఎగరేస్తుంది. కింద పడకముందే ఏ వైపో చెప్పమంటుంది. వాడు గాల్లోనే పట్టుకుని, గద్ద బొమ్మ అని సరిగ్గా చెప్తాడు. వాడి పేరు జాన్, రేపటి మాస్టర్ చీఫ్. తర్వాత సైనికులుగా తయారుచేయడానికి డెబ్బై అయిదు మంది పిల్లల్ని ఇళ్ల నుంచి ఎత్తుకుపోతారు. అమ్మానాన్నలకు తెలియకుండా వాళ్ల స్థానంలో క్లోన్లను పెడతారు. అవి ఎక్కువ కాలం బతకవు. కన్నవాళ్లు పిల్లలు చనిపోయారనే ఏడుస్తారు. పద్నాలుగేళ్ల వయసులో శరీరాన్ని మార్చే ఆపరేషన్లు. ముప్పై మంది చనిపోతారు, పన్నెండు మంది అంగవైకల్యంతో మిగులుతారు. చేతికొచ్చిన సైనికులు ముప్పై ముగ్గురు.

ఇంత జరిగినా రచయిత వీళ్లను ఎత్తుకొచ్చినవాళ్లను తిట్టడు, పొగడడు. శిక్షణ మొదట్లో ఒక పందెం ఉంటుంది. అడ్డంకులన్నీ దాటి గంట కొట్టాలి, వెనకబడ్డ జట్టుకు రాత్రి భోజనం లేదు. జాన్ తన జట్టులోని కెల్లీని, శామ్‌ని వదిలేసి ముందే వెళ్లి గంట కొట్టేస్తాడు. జట్టు చివర మిగిలింది కాబట్టి ఆ రాత్రి వాడికీ పస్తే. గేమ్‌లో ఎన్ని గంటలు ఆడినా ఆ ఆకలి తెలియదు. అందుకే ఈ పుస్తకం నాకు ఎక్కువ. గేమ్ చూపించలేని చోటికి నవల వెళ్తేనే దానికి డబ్బు పెట్టాలనిపిస్తుంది.

ఇంకొకటి. రీచ్ అనే గ్రహం శత్రువు చేతిలో పడిపోతుందని పేరులోనే ఉంది, ఇంక చదివేదేముంది అంటారు కొందరు. ఓరుగల్లు వాళ్లం మనం, ఆ మాట అనకూడదు. 1323లో కోట పడిందని చిన్నప్పుడే చదివి, ఇప్పటికీ మట్టికోట, అగడ్త, రాతికోట దాటుకుంటూ వెళ్లి ఆ విరిగిన రాళ్ల మధ్య నిలబడతాం. ఇక్కడా అంతే. రీచ్ చుట్టూ కక్ష్యలో ఇరవై భారీ ఫిరంగులుంటాయి. వాటికి కరెంటు నేల మీది జనరేటర్ల నుంచి వస్తుంది. శత్రువు ఆ జనరేటర్ల మీద పడతాడు. అసలు శత్రువుకు దారి ఎలా తెలిసిందో చదివితే ఇంకా బాధేస్తుంది. గెలిచి వస్తున్న మనవాళ్ల ఓడకే అంటుకుని వచ్చిన చిన్న పరికరం దారి చూపిస్తుంది.

ఇక 'కాంటాక్ట్ హార్వెస్ట్', 2007. రాసిన జోసెఫ్ స్టేటన్ గేమ్ కథ రాసినవాళ్లలో ఒకడు. మూడింట్లో వాక్యం నున్నగా సాగేది ఇదే. యుద్ధం మొదలవకముందు హార్వెస్ట్ అనే పంటల గ్రహం, మూడు లక్షల జనాభా. పండించిన ధాన్యం అంతరిక్షానికి వేసిన లిఫ్టుల్లో పైకెళ్లి వేరే గ్రహాల కడుపు నింపుతుంది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ బయట బండ్ల వరస చూసినవాళ్లకు ఆ ఊరు వెంటనే కళ్లకు కడుతుంది. రైతుల పిల్లలకు తుపాకీ పట్టడం నేర్పడానికి జాన్సన్ అనే సార్జెంట్ వస్తాడు. శత్రువు వైపు కథ కూడా ఇందులోనే బాగుంది. తాము పవిత్రంగా చూసే ఒక గుర్తును తలకిందులుగా చదివారని తెలిశాక, ఆ నిజాన్ని అణచడానికి అక్కడి పెద్దలు యుద్ధాన్ని ఎంచుకుంటారు. గేమ్ ఒక్కసారి కూడా ఆడనివాళ్లకు, ఇంగ్లీషు నవలలు కొత్తగా చదివేవాళ్లకు ఇదే ఇస్తాను. లోటు ఒక్కటే, మాస్టర్ చీఫ్ ఉండడు.

మావాడు గేమ్ ఆడినవాడు కాబట్టి రీచ్ తీసుకోమన్నాను. వెంటనే లొల్లి మొదలుపెట్టాడు. 2010లో వచ్చిన రీచ్ గేమ్‌లో యుద్ధం జూలైలోనే మొదలవుతుంది, పుస్తకంలో ఆగస్టు 30 అని ఉంది, ఏది నిజమని. పుస్తకం ముందు వచ్చింది, గేమ్ వాళ్లు తర్వాత తేదీలు జరిపారు, నువ్వు జాన్ కోసం చదువు అన్నాను. వాడికి నచ్చలేదు. జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీశాడు. బొమ్మ పడితే రీచ్, బొరుసు పడితే హార్వెస్ట్. బొరుసు పడింది.

"మల్లొక్కపారి ఎగరేస్త మామా," అన్నాడు, రీచ్ పుస్తకం చంకలో పెట్టుకుని.