దసరా సెలవుల్లో పిల్లలతో మైసూరు ప్యాలెస్: ఆటోవాలా మాట నమ్మకండి

గేటు దగ్గర ఆటోవాలా "ఇప్పుడు లంచ్ టైం, ప్యాలెస్ మూసేశారు, ఈలోపు మార్కెట్ చూపిస్తా" అంటే ఎక్కకండి. మామూలు రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5.30 దాకా ప్యాలెస్ మధ్యలో మూయరు. ఆ 'మార్కెట్' అగరొత్తులు, గంధం నూనె, పట్టుచీరలు అమ్మే కొట్టు, తీసుకెళ్లినవాడికి కమిషన్. డబ్బు పోవడం అటుంచి, పిల్లల ఓపికంతా ఆ కొట్లోనే అయిపోతుంది. చంటిపిల్లలున్నవాళ్లకి ఇలా చెప్పడం ఘోరమైన మోసం.

దసరాలో ఈ అబద్ధం చెల్లడానికి కారణం ఉంది. నవరాత్రి మొదటిరోజు, ఆయుధపూజ, విజయదశమి నాడు రాజకుటుంబం పూజల కోసం సందర్శకుల్ని నిజంగానే ఆపుతారు. ఏ రోజు, ఏ వేళ అన్నది ముందే ప్రకటిస్తారు, అది చూశాకే రైలు టికెట్లు కొనండి. విజయదశమి ఊరేగింపుకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దని నా గట్టి సలహా. గంటల తరబడి ఎండలో, కదలడానికి చోటుండదు.

టికెట్ 2024 పెంపు తర్వాత పెద్దలకు 120, పిల్లలకు 70 రూపాయలు, పదేళ్లలోపు వాళ్లకి ఉచితం. దక్షిణాన వరాహ ద్వారం నుంచి ప్రవేశం. చెప్పులు బయటే వదలాలి. ఇంటిల్లిపాదివీ ఒకే సంచిలో వేసి ఇస్తే ఒక్క టోకెన్‌తో పోతుంది. పదింటికల్లా వెళ్లాలి. మధ్యాహ్నమైతే కాళ్లకింద రాయి కాలుతుంది, పిల్లలు ఎత్తుకోమని ఏడుస్తారు. లోపల అందరూ ఒకే దిక్కుకి నడవాలి, రద్దీలో వెనక్కి రానివ్వరు. బాత్రూమ్ పని ముందే అవగొట్టండి.

లోపల పిల్లలు నిలబడి చూసేవి మూడు. బొమ్మల కొలువు పెట్టే 'గొంబె తొట్టి' అనే మంటపం ఒకటి. బంగారు రేకు తాపిన, సుమారు 750 కిలోల బరువుండే అంబారీ రెండోది. ఇక కల్యాణ మంటపం. పైన నెమళ్ల రంగుటద్దాలు, చుట్టూ గ్లాస్గో నుంచి తెప్పించిన పోత ఇనుప స్తంభాలు. 1897లో పెళ్లివేడుకల్లో చెక్క ప్యాలెస్ తగలబడింది కాబట్టే, 1912లో పూర్తయిన ఈ భవనంలో అంత ఇనుము, అంత రాయి. ఇది కథలా చెబితే పిల్లలు స్తంభాన్ని వేలితో కొట్టి చూస్తారు. గోడల మీద దసరా ఊరేగింపు చిత్రాలు 26 ఉన్నాయి. ఏనుగుల్ని లెక్కపెట్టమనండి, క్యూ తెలియకుండా జరుగుతుంది.

అసలు ఏనుగులు ఆవరణలోనే ఉంటాయి. దసరాకి ముందు కొన్ని వారాలు అక్కడే మకాం. ఇసుక బస్తాలు మోయించి బరువు అలవాటు చేస్తారు. మా ఓటు ప్యాలెస్ కంటే దీనికే.

రాత్రి 7కి దీపాలు. సుమారు 97,000 బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి, మామూలు ఆదివారాల్లో అయితే ముప్పావుగంట ఉంటాయి. ఆదివారాలు, పండగలకే కాక దసరాలో రోజూ వేస్తారు. తూర్పువైపు మైదానంలో బాగా వెనక్కి నిలబడితే భవనమంతా కంటికి పడుతుంది. ఆర్పే దాకా ఆగితే గేటు దగ్గర తొక్కిసలాట, ఆటోలు దొరకవు. ఐదు నిమిషాలు ముందే పిల్లల చెయ్యి పట్టుకుని బయటపడండి. రాత్రికి మైసూరులో పేరున్న మైలారి హోటల్ మెత్తటి దోసె, వెన్నతో. కారం తినని పిల్లలు కూడా రెండోది అడుగుతారు.