ఆధునిక జపనీస్ కాలిగ్రఫీ బృంద ప్రదర్శన: కాకెజికు, ఫ్రేము, ప్యానెల్‌లలో ఏది మేలు?

టోక్యోలోనూ చుట్టుపక్కల పట్టణాల్లోనూ ఉంటూ షొదో (జపనీస్ కాలిగ్రఫీ) నేర్చుకుంటున్న తెలుగువారు, తోటి విద్యార్థులతో కలిసి అద్దె గ్యాలరీలో మొదటిసారి ప్రదర్శన పెట్టబోయే ముందు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. రాసిన కాగితాన్ని గోడకెక్కించడానికి కాకెజికుగా, అంటే వేలాడదీసే చుట్టగా, చేయించాలా, అక్రిలిక్ ఫ్రేములో పెట్టించాలా, లేక చెక్క ప్యానెల్ మీద బిగించాలా? గ్యాలరీ ఎంపిక, అద్దె, ఆహ్వానపత్రాల వంటి సంగతులు గురువుగారో, ఇదివరకు ప్రదర్శనల్లో పాల్గొన్నవారో చెబుతారు కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. మా బృందం ఇటీవలి ప్రదర్శనకు ఈ మూడింటినీ తూచి చూసి ప్రధానంగా ప్యానెల్‌ను ఎంచుకుంది. అందుకు కారణాలు ఇక్కడ వివరిస్తున్నాను.

ఖర్చు, రవాణా, సంప్రదాయం అన్నీ లెక్కలోకి వచ్చేవే అయినా, అన్నిటికన్నా ముందు చూడవలసింది సిరాకూ చూసేవారి కంటికీ మధ్య ఏముంటుందన్నదని నా అభిప్రాయం. దూరం నుంచి చూస్తే సుమి సిరా అంతా ఒకటే నలుపులా ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే, కుంచె ఆగిన చోట సిరా చిక్కగా నిలిచి సన్నని మెరుపు పట్టి ఉంటుంది. వేగంగా లాగిన చోట కుంచె వెంట్రుకలు విడిపోయి, వాషి కాగితపు నారల మీద పొడిపొడి చారలు మిగిలి ఉంటాయి. తాన్‌బొకు అనే పలుచటి సిరాతో రాసినప్పుడైతే, కుంచె నడిచిన దారి ముదురుగానూ, నీరు పాకినంత మేర దాని చుట్టూ లేత బూడిదరంగుగానూ ఏర్పడతాయి. అందులో రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట, తర్వాత గీసినదాని కన్నా ముందు గీసినదే పైన ఉన్నట్టు కనబడుతుంది, ఎందుకంటే మొదటి గీత సిరా అప్పటికే కాగితపు నారల్లో చోటు చేసుకోవడం వల్ల రెండోదాని సిరా అక్కడ ఇమడదు. ఈ ఒక్క సంగతి తెలిసిన ప్రేక్షకుడు, జపనీస్ చదవడం రానివాడైనా సరే, చేయి ఏ వరుసలో కదిలిందో గుర్తుపట్టగలడు. గోడకెక్కించే పద్ధతి ఏదైనా, ఈ వివరాలను ప్రేక్షకుడికి అందకుండా చేస్తే ఆ ప్రదర్శన సగం వృథా అయినట్టే.

ముందుగా ఫ్రేము సంగతి చూద్దాం, ఎందుకంటే తొలి ప్రదర్శనకు చాలామంది దానివైపే మొగ్గుతారు. ఫ్రేములు అద్దెకు దొరుకుతాయి, అన్నీ ఒకే కొలతలో తెప్పించుకుంటే గోడ పొందికగా కనిపిస్తుంది, కృతి మీద ఎవరి చేయీ పడదు. భూకంపాల దేశం కావడం చేత చాలా ప్రదర్శనల్లో గాజును అనుమతించరు. దాని బదులు తేలికైన అక్రిలిక్ పలకను వాడతారు. ఇబ్బందంతా ఆ పలకతోనే వస్తుంది. తెల్ల కాగితం ఎక్కువగా కనిపించే కృతి ముందు ప్రతిబింబం అంతగా తెలియదు గానీ, నలుపు పెరిగేకొద్దీ అక్రిలిక్ అద్దంలా పనిచేస్తుంది. ఒకటి రెండు అక్షరాలనే మనిషంత ఎత్తున రాసే దైజిషో కృతిని అలా బిగిస్తే, సిరా అన్నిటికన్నా చిక్కగా ఉన్న చోటనే ప్రేక్షకుడికి తన ముఖమూ, పైకప్పు దీపాలూ, ఎదుటి గోడ మీది మరొకరి కృతీ కనిపిస్తాయి. ప్రతిబింబాన్ని తగ్గించే అక్రిలిక్ ఉన్నప్పటికీ, పెద్ద కొలతల్లో దాని ధర అద్దె గ్యాలరీ ప్రదర్శనల స్థాయికి అందదు. దీనికి తోడు అక్రిలిక్ మీద స్థిరవిద్యుత్తు పేరుకుని పలుచని కాగితాన్ని తనవైపు లాక్కుంటుంది; సంతకం పక్కన వేసే ఎర్ర ముద్రలో నూనె ఉంటుంది కాబట్టి అది పూర్తిగా ఆరకముందే పలకకు తగిలితే మరక పడుతుంది. ఫ్రేము వాడేవారు కాగితానికీ పలకకూ మధ్య ఖాళీ ఉండేలా లోపలి అంచు పట్టీ తప్పనిసరిగా వేయించాలి.

అయినా ఫ్రేమును పూర్తిగా తోసిపుచ్చను. బంగారు, వెండి రేకుల తునకలు చల్లిన అలంకార కాగితం మీద సన్నని గీతలతో రాసే కనా (జపనీస్ ధ్వని లిపి) కృతులు చిన్నవి, వాటిలో నలుపు తక్కువ, కాగితం విలువ ఎక్కువ. వాటిని అతి దగ్గరగా వంగి చూస్తారు కనుక రక్షణ కూడా అవసరమే. ఆ ఒక్క విభాగానికి నా ఓటు ఫ్రేముకే.

ఇక కాకెజికు విషయానికి వస్తే, అందులో కృతికి అడ్డుగా ఏదీ ఉండదు, ఆ లెక్కన అది ఫ్రేము కన్నా మేలే. గోధుమ పిండి గంజితో పొరలుపొరలుగా వెనుక కాగితం అతికించి, చుట్టూ పట్టుబట్ట కూర్చి, కింద కర్ర అమర్చే హ్యోగుషి అనే కళాకారుడి పనితనాన్ని చూసినవారెవరూ దాన్ని చిన్నచూపు చూడలేరు. ప్రదర్శన ముగిశాక చుట్టి చెక్కపెట్టెలో పెట్టుకోవచ్చు. కృతిని హైదరాబాదుకో విశాఖపట్నానికో తీసుకువెళ్లదలచినవారికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. అయితే కాకెజికు రూపుదిద్దుకున్నది ఇంట్లోని తొకొనోమా అనే అలంకార గూడు కోసం. అక్కడ చాప మీద కూర్చుని, ఒకే కృతిని, ఋతువుకు తగ్గట్టు మార్చుకుంటూ చూస్తారు. ఆధునిక కాలిగ్రఫీ పెరిగింది అలాంటి చోట కాదు. 1948లో మొదలైన మైనిచి షొదో ప్రదర్శన వంటి పెద్ద వేదికలూ, 1952లో క్యోటోలో మొరితా షిర్యూ, ఇనొవె యుయిచి మొదలైన అయిదుగురు స్థాపించిన బొకుజిన్‌కాయ్ బృందమూ అక్షరాన్ని నిలబడి, నడుస్తూ చూసే గోడ మీదికి తెచ్చాయి. అడ్డంగా పరుచుకున్న కృతులు, కాగితపు అంచులను దాటిపోతున్నట్టుండే గీతలు ఆ గోడ కోసం పుట్టినవి. వాటి చుట్టూ పూలల్లిక పట్టు అంచు వేస్తే గీత ఊపు అక్కడికక్కడే ఆగిపోతుంది.

కొలతలు కూడా ఆలోచించుకోవాలి. 35 సెంటీమీటర్ల వెడల్పు, 136 సెంటీమీటర్ల పొడవు ఉండే హన్‌సెత్సు కాగితానికి కాకెజికు చక్కగా కుదురుతుంది. ప్రదర్శనలకు తరచుగా వాడే 60 × 240 సెంటీమీటర్ల కాగితానికి పైనా కిందా బట్ట చేరిస్తే పొడవు 3 మీటర్లకు చేరువవుతుంది; చిన్న గ్యాలరీ గోడకు అది పట్టదు. కార్బన్ పొడిని జిగురులో కలిపి ఇనొవె వాడిన తరహా చిక్కటి సిరాతో రాసేవారికి మరో ప్రమాదం ఉంది: చుట్టిన ప్రతిసారీ ఆ పొర బీటలు వారవచ్చు. పట్టుకు బదులు కాగితపు అంచులతో చవకగా చేసే కరిమాకి అనే తాత్కాలిక చుట్టను విద్యార్థుల ప్రదర్శనల్లో విరివిగా వాడతారు. తరగతి వార్షికోత్సవానికి అది చాలు.

ప్యానెల్ పద్ధతిలో, వెనుక కాగితం అతికించిన కృతిని చెక్క చట్రం మీద బిగువుగా పరిచి అంచులను వెనక్కి మడిచి అతికిస్తారు. కావాలంటే చుట్టూ సన్నని కర్రపట్టీ వేస్తారు. ముందు ఏ పలకా ఉండదు. కాగితం ముడతలు, అలలు లేకుండా సమతలంగా నిలుస్తుంది కాబట్టి పక్కవాటుగా వేసిన దీపం వెలుగులో చిక్కటి సిరా మెరుపూ, పొడి గీతల గరుకుదనమూ స్పష్టంగా విడివడి కనిపిస్తాయి. సుమి అంటే కార్బనే కాబట్టి సిరా వెలుతురుకు వెలిసిపోదు; కొన్నాళ్ల ప్రదర్శనలో కొత్త కృతిని కాస్త ధారాళమైన వెలుగులో చూపించడానికి వెనుకాడనక్కరలేదు. సిరా ఉపరితలానికి ఇంత విలువ ఇవ్వడం నా ఒక్కడి అభిరుచి కాదు. మొరితా 1960లలో అల్యూమినియం రేణువులతో రాసి పైన పసుపు వార్నిష్ పూసిన కృతుల్లో, చూసేవారు పక్కకు జరిగేకొద్దీ అక్షరం మెరుపు మారుతుంది. వాటి ముందు పలక పెడితే ఆ మార్పునే పోగొట్టుకుంటాం.

ప్యానెల్‌కు లోపాలున్నాయి. రక్షణ ఏమీ లేదు కాబట్టి ప్రదర్శన జరిగినన్ని రోజులూ బృందంలో ఒకరు గదిలోనే ఉండాలి, పిల్లలతో వచ్చినవారికి మర్యాదగా ముందే చెప్పాలి. తర్వాత దాచుకోవడం కూడా కష్టమే. టోక్యో ఇళ్లలో మనిషంత ప్యానెల్‌కు చోటు దొరకదు. కృతిని చట్రం నుంచి విప్పించి చుట్టలా దాచుకునే వీలుండాలంటే గంజితో చేసే తడి అతుకునే ఎంచుకోవాలి. వేడితో అంటించే ఫిల్మ్ పద్ధతి త్వరగా, చవకగా అయిపోతుంది గానీ దాన్ని మళ్లీ ఊడదీయడం చాలా కష్టం. తడి అతుకులో కృతిని బోర్లించి నీళ్లు చల్లి సాపు చేస్తారు కనుక, సీసా సిరాతో రాసి సరిగా ఆరని కాగితమైతే నలుపు చెదిరి తెల్లటి భాగంలోకి పాకుతుంది. అందుచేత రాసిన వెంటనే ఇవ్వకుండా కొన్ని వారాలు ఆరనివ్వాలి. ఏ సిరా వాడారో హ్యోగుషికి దాచకుండా చెప్పాలి.

బృంద ప్రదర్శన కావడం వల్ల మరో మాట చెప్పాలి. పదిమంది తలా ఒక పద్ధతిలో తెస్తే ప్రేక్షకుడు అక్షరాలకు బదులు అంచులను పోల్చి చూడడం మొదలుపెడతాడు. ఒక గోడకు ఒకే పద్ధతి అన్న నియమం పెట్టుకుని, దైజిషో, జెన్‌ఎయి అనే అమూర్త కృతులను ప్యానెళ్ల మీద ఒక గోడకూ, కనాను ఫ్రేముల్లో మరో గోడకూ పెట్టడం మాకు బాగా కుదిరింది. పేరు, పాఠం, భావం రాసిన చీటీని కృతికి తగినంత దూరంగా అంటించండి; మరీ ఆనించి పెడితే కన్ను ముందు దానిమీదికే పోతుంది.

మడత తెరలైన బ్యోబు చూడముచ్చటగా ఉంటాయి గానీ, నేలను ఆక్రమిస్తాయి. పెద్ద గది ఉంటేనే ఆలోచించండి. అతుకు లేకుండా కాగితాన్ని అయస్కాంతాలతో గోడకు పెట్టడం సాధన కాగితాలకు సరిపోతుంది, అంతే.

మీ బృందం ఏది ఎంచుకున్నా, ఆ నిర్ణయం కుంచె పట్టకముందే జరగాలి. ప్యానెల్ అయితే కాగితపు అంచులు చట్రం పక్కకు మడత పడతాయి కాబట్టి నాలుగు వైపులా కొద్దిపాటి ఖాళీ ఎక్కువగా వదలాలి, సంతకాన్నీ ముద్రనూ అంచుకు మరీ దగ్గరగా వేయకూడదు. చట్రం కొలతను హ్యోగుషి దగ్గర ముందుగా తీసుకుని, రాసేటప్పుడు కింద పరిచే ఉన్ని గుడ్డ మీద ఆ హద్దును సుద్దతో గీసుకుంటే సరిపోతుంది.